క్రూయిజ్‌లో బాల్కనీ రూమ్ బుక్ చేస్తున్నారా? ఏ డెక్, ఏ వైపు, ఏ చోటు.. డబ్బులు కట్టే ముందు ఇవి చూసుకోండి

దసరా రాత్రి దేవరగట్టు బన్నీ ఉత్సవానికి వెళ్లేవాళ్లు ముందు ఒకటే మాట అడుగుతారు. ‘ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుంది? ఎక్కడుంటే దెబ్బ తగలకుండా బయటపడతాం?’ అని. ఎందుకంటే వచ్చేవాళ్లంతా చూసేది ఒకే ఉత్సవం. కానీ నిలబడిన చోటును బట్టి ఒకరికి అది కన్నుల పండుగ, ఇంకొకరికి తలకు కట్టు.

క్రూయిజ్ షిప్‌లో బాల్కనీ రూమ్ సంగతి కూడా ఇంతే. అదే నౌక, అదే సముద్రం, దాదాపు అదే రేటు. కానీ రూమ్ ఉన్న చోటును బట్టి ఒకరు హాయిగా కాఫీ తాగుతూ సూర్యోదయం చూస్తారు, ఇంకొకరు కడుపులో తిప్పి మంచం దిగరు. మరి ఆ చోటు ఎలా ఎంచుకోవాలి? ఈ స్టోరీలో చూద్దాం.

ఆదోని నుంచి సముద్రం ఎంత దూరం?

ఆదోని, ఎమ్మిగనూరు వైపు సముద్రం లేదు కదా, మనకెందుకు క్రూయిజ్ గోల అనుకోవచ్చు. కానీ ముంబై-చెన్నై రైలు మార్గం ఆదోని మీదుగానే వెళ్తుంది. అంటే ఒకే రైలు పట్టా మీద ఒక కొసన ముంబై రేవు, ఇంకో కొసన చెన్నై రేవు. దేశంలో క్రూయిజ్‌లు బయల్దేరే ముఖ్యమైన రేవుల్లో ఈ రెండూ ఉన్నాయి.

2021 సెప్టెంబర్‌లో కార్డీలియా సంస్థ ‘ఎంప్రెస్’ నౌకతో ముంబై నుంచి ట్రిప్పులు మొదలుపెట్టింది. 2022 జూన్‌లో ఇదే నౌక విశాఖపట్నం కూడా వచ్చింది. విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబర్‌లో ప్రారంభమైంది. ముంబైలో కొత్త టెర్మినల్‌ను 2025 సెప్టెంబర్ 20న ప్రధాని మోదీ ప్రారంభించారు. ఇక సింగపూర్ టూర్ వెళ్లే మనవాళ్లు అక్కడ్నుంచి ‘జెంటింగ్ డ్రీమ్’ లాంటి పెద్ద నౌకలు ఎక్కడం ఇప్పుడు మామూలైపోయింది.

బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసే పిల్లలు అమ్మానాన్నల షష్టిపూర్తికి ఇలాంటి ట్రిప్ బుక్ చేస్తున్నారు అనుకుందాం. ఆ పెద్దవాళ్లకి సముద్రం మీద అదే మొదటి రాత్రి, బహుశా అదే చివరి ట్రిప్ కూడా. అందుకే రూమ్ విషయంలో పొరపాటు జరిగితే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

మొదటి మాట: మధ్యలో, వీలైనంత కింద

నౌక అలల మీద ఊగేది పిల్లల పార్కులో ‘సీసా’ ఊగినట్టే. నడి మధ్యలో కూర్చున్నవాళ్లు పెద్దగా కదలరు. చివర్లో ఉన్నవాళ్లు పైకీ కిందకీ ఎగిరెగిరి పడతారు.

చిన్న లెక్క చూడండి. జెంటింగ్ డ్రీమ్ పొడవు సుమారు 335 మీటర్లు. నౌక ముక్కు కేవలం 1 డిగ్రీ పైకి లేచిందనుకోండి. మధ్య నుంచి 150 మీటర్ల దూరంలో ఉన్న రూమ్ దాదాపు రెండున్నర మీటర్లు పైకి లేస్తుంది. అదే మధ్య నుంచి 15 మీటర్ల దూరంలో ఉన్న రూమ్ లేచేది పావు మీటరే. అంటే పదో వంతు.

పక్కలకు ఊగడం ఇంకో రకం. ఇది పైకి వెళ్లేకొద్దీ ఎక్కువవుతుంది. చెట్టు మొదలు కదలకపోయినా చిటారు కొమ్మ ఊగుతుంది చూడండి, అలాగన్నమాట. ఈ పక్క ఊపును తగ్గించడానికి ఇప్పటి నౌకలకు నీటి అడుగున రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. కానీ ముందుకీ వెనక్కీ లేచే ఊపును ఇవి ఆపలేవు. అందుకే పై డెక్కా, కింది డెక్కా అన్నదాని కంటే మధ్యలో ఉందా, చివర ఉందా అన్నదే ముందు చూడాలి.

బస్సు ఘాట్ ఎక్కితే కడుపులో తిప్పేవాళ్లు ఇంట్లో ఉంటే ఆలోచించే పనే లేదు. బాల్కనీలు మొదలయ్యే డెక్‌లలో అన్నిటికంటే కిందిది తీసుకుని, అందులో నడి మధ్య రూమ్ అడగండి. వికారానికి మాత్రలు ఊపు మొదలవ్వకముందే వేసుకుంటే పనిచేస్తాయి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఏ మాత్ర వేసుకోవాలో ఇంటి దగ్గరే డాక్టర్‌ని అడిగి వెళ్లడం మంచిది.

ఎప్పుడు వెళ్తున్నారన్నది కూడా ముఖ్యమే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలకు అరేబియా సముద్రం బాగా పోటు మీద ఉంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. ఆ నెలల్లో వెళ్తే ‘మధ్యలో, కింద’ అన్న మాట అసలు వదలొద్దు.

పైనా కిందా ఏముందో చూశారా?

రూమ్ ఫొటోలు అందరూ చూస్తారు. రూమ్ పైన ఏముందో మాత్రం చూడరు. ఎక్కువ మంది నిద్ర పోగొట్టుకునేది ఇక్కడే.

స్విమ్మింగ్ పూల్ డెక్‌కి సరిగ్గా కింద ఉన్న రూమ్ తీసుకుంటే తెల్లవారుజామునే నెత్తి మీద కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు వినాలి. బఫే కింద ఉంటే ట్రాలీల మోత. థియేటర్, డ్యాన్స్ ఫ్లోర్ మీద ఉంటే అర్ధరాత్రి దాకా డీజే బేస్ మంచాన్ని అదరగొడుతుంది. పెళ్లింటి పక్క ఇంట్లో పడుకున్నట్టే.

దీనికి చిట్కా సింపుల్. కంపెనీ వెబ్‌సైట్‌లో ‘డెక్ ప్లాన్’ ఉంటుంది, అంటే ఒక్కో అంతస్తు మ్యాప్. మీ రూమ్ ఉన్న డెక్, దాని పై డెక్, కింది డెక్.. మూడు మ్యాప్‌లు పక్కపక్కన పెట్టుకుని చూడండి. పైనా కిందా రెండు వైపులా రూమ్‌లే ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. మ్యాప్‌లో పేరు లేకుండా ఖాళీగా వదిలేసిన చోటు ఉంటే అది సిబ్బంది పనిచేసే గది కావచ్చు. దాని పక్క రూమ్ వద్దు.

రెండు రూమ్‌ల మధ్య తలుపు ఉన్న ‘కనెక్టింగ్’ రూమ్‌లు రెండు కుటుంబాలు కలిసి వెళ్తే బాగుంటాయి. పక్క రూమ్‌లో తెలియనివాళ్లు ఉంటే మాత్రం వాళ్ల మాటలన్నీ మీకే వినిపిస్తాయి.

పెద్దవాళ్లుంటే లిఫ్ట్ లెక్క

335 మీటర్ల నౌకలో వెనక కొసన రూమ్ తీసుకుని, భోజనం ముందు కొసన ఉంటే పూటకి అరకిలోమీటరు పైనే నడక. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇది శిక్షే. అలాగని లిఫ్ట్ ఎదురుగానే రూమ్ తీసుకుంటే రాత్రంతా వచ్చిపోయేవాళ్ల గోల. లిఫ్ట్ నుంచి నాలుగైదు రూమ్‌లు దాటి ఉన్నది సరిపోతుంది.

వీల్‌చైర్ వాడేవాళ్లకి తలుపులు వెడల్పుగా ఉండే ప్రత్యేకమైన రూమ్‌లు ఉంటాయి. కానీ నౌక మొత్తం మీద అవి కొన్నే. మామూలు రూమ్‌లో బాల్కనీ తలుపు దగ్గర గడప కూడా అడ్డం వస్తుంది. బుక్ చేసే రోజే ఈ మాట చెప్పి రాయించుకోవాలి. ఎక్కాక అడిగితే దొరకవు.

ఎడమ వైపా, కుడి వైపా?

ఎండాకాలంలో కర్నూలు బస్సెక్కేటప్పుడు ఎండ ఏ వైపు పడుతుందో చూసుకునే కదా కిటికీ సీటు పట్టుకుంటాం. ఇక్కడా అదే లెక్క. నౌక ముక్కు వైపు తిరిగి నిలబడితే మీ ఎడమ చెయ్యి వైపును ‘పోర్ట్’, కుడి చెయ్యి వైపును ‘స్టార్‌బోర్డ్’ అంటారు.

* ముంబై నుంచి గోవా, కొచ్చి వైపు: నౌక దక్షిణానికి వెళ్తుంది. కుడి వైపు సూర్యాస్తమయం, ఎడమ వైపు తీరం.
* చెన్నై నుంచి విశాఖ వైపు: కుడి వైపు సూర్యోదయం, ఎడమ వైపు తీరం.
* విశాఖ నుంచి చెన్నై, పుదుచ్చేరి వైపు: ఎడమ వైపు సూర్యోదయం, కుడి వైపు తీరం.

తిరుగు ప్రయాణంలో ఇదంతా తారుమారు అవుతుంది. అందుకే బయల్దేరిన రేవుకే తిరిగొచ్చే ట్రిప్ అయితే ఏ వైపైనా ఒకటే. ఒక వైపే వెళ్లి అక్కడ దిగిపోయేవాళ్లకి మాత్రం ఈ లెక్క పనికొస్తుంది. ఇంకో మాట. తీరం వైపు తీసుకున్నంత మాత్రాన ఊళ్లు కనిపిస్తాయని గ్యారంటీ లేదు, నౌక చాలాసార్లు బాగా దూరంగా వెళ్తుంది. రేవులో ఏ పక్క ఆనిస్తారన్నది కూడా ముందే చెప్పలేం.

ఇంగ్లిష్‌లో దర్జాగా ఉన్నదాన్ని ‘పాష్’ అంటాం కదా. ఆ మాట వెనక ఒక కథ చెబుతారు. బ్రిటన్ నుంచి ఇండియాకి వచ్చే ఓడల్లో డబ్బున్నవాళ్లు వచ్చేటప్పుడు ఎడమ వైపు, వెళ్లేటప్పుడు కుడి వైపు గదులు తీసుకునేవాళ్లట, ఎండ తగలకుండా. ఆ నాలుగు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపితే ‘పాష్’ అయిందట. కథ బాగుంది కానీ దీనికి ఆధారం దొరకలేదని నిఘంటువులు రాసేవాళ్లే తేల్చేశారు. ఎండ సంగతి మాత్రం నిజం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పడమటి బాల్కనీలో కూర్చోవడం కష్టమే.

‘బాల్కనీ’ అని ఉంటే చాలదు

పేరు ఒకటే అయినా అన్ని బాల్కనీలూ ఒకటి కావు. బుక్ చేసే ముందు ఇవి అడగండి.

* వ్యూకి అడ్డం ఉందా? కొన్ని బాల్కనీల ముందు లైఫ్‌బోట్లు వేలాడుతుంటాయి. రేటు తక్కువ ఉందంటే కారణం ఇదే కావచ్చు.
* బయటికా, లోపలికా? రాయల్ కరీబియన్ ‘ఒయాసిస్’ తరహా నౌకల్లో కొన్ని బాల్కనీలు సముద్రం వైపు కాకుండా నౌక లోపలి పార్క్ వైపు తెరుచుకుంటాయి.
* నిజం బాల్కనీయేనా? ఇదే కంపెనీ ‘క్వాంటమ్’ తరహా నౌకల్లో ‘వర్చువల్ బాల్కనీ’ అని ఉంటుంది. అది లోపలి రూమ్ గోడకి పెట్టిన పెద్ద స్క్రీన్, అంతే.
* ముందు భాగమా? గాలి బలంగా కొడుతుంది, కూర్చోవడం కష్టం.
* వెనక భాగమా? నౌక వెనక తెల్లటి నురుగు దారి అద్భుతంగా కనిపిస్తుంది. కొన్ని నౌకల్లో బాల్కనీ పెద్దగా కూడా ఉంటుంది. కానీ ఇంజిన్ అదురు, ఊపు, నడక మూడూ ఎక్కువే.
* రెయిలింగ్ గాజుదా, ఇనుప రేకా? రేకు అయితే కూర్చున్నప్పుడు సముద్రం సరిగ్గా కనిపించదు.

1990లో తయారైన ఎంప్రెస్ లాంటి పాత నౌకల్లో బాల్కనీలు తక్కువ. అలాంటి చోట అవి ‘మినీ సూట్’, ‘సూట్’ పేర్లతో ఉండొచ్చు. పేరు చూసి డబ్బులు కట్టొద్దు. బాల్కనీ ఉందో లేదో అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

తక్కువ రేటు వెనక మెలిక

‘గ్యారంటీ’ టికెట్ అని ఒకటి ఉంటుంది. వినడానికి బాగుంటుంది కానీ అది బాల్కనీ రూమ్ ఇస్తామన్న హామీ మాత్రమే. ఏ రూమ్ అన్నది కంపెనీ ఇష్టం. కుర్రాళ్ల గ్యాంగ్ అయితే పర్లేదు, డబ్బులు మిగులుతాయి. పెద్దవాళ్లు, చిన్న పిల్లలతో వెళ్లేవాళ్లు మాత్రం కాస్త ఎక్కువైనా రూమ్ నంబర్ ఎంచుకునే టికెట్టే తీసుకోవాలి.

రేటు సాధారణంగా రూమ్‌కి ఇద్దరు ఉంటారన్న లెక్కతో, మనిషికి ఇంత అని చూపిస్తారు. ఒక్కరే వెళ్తే ఎక్కువ కట్టాలి. పన్నులు, పోర్ట్ చార్జీలు కలిపి చివరి మొత్తం ఎంతో అడగకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

బాల్కనీలో ఇవి అస్సలు చేయొద్దు

2006 మార్చి 23న కరీబియన్ సముద్రంలో ‘స్టార్ ప్రిన్సెస్’ నౌకలో ఒక బాల్కనీలో నిప్పు అంటుకుంది. మంటలు బాల్కనీ నుంచి బాల్కనీకి పాకాయి, ఒక ప్రయాణికుడు చనిపోయాడు. ఆర్పకుండా పారేసిన సిగరెట్టే కారణం అయి ఉండొచ్చని దర్యాప్తులో తేల్చారు. ఆ తర్వాత బాల్కనీల్లో తేలిగ్గా మండే సామాను వాడకంపై అంతర్జాతీయ నిబంధనలు మారి, 2008 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు చాలా కంపెనీలు బాల్కనీలో సిగరెట్ తాగనివ్వవు.

తడి టవల్, లుంగీ రెయిలింగ్ మీద ఆరేసే అలవాటు కూడా ఇక్కడ మానుకోవాలి. గాలికి ఎగిరిపోతాయి. పిల్లలుంటే కుర్చీలు రెయిలింగ్ దగ్గర ఉంచొద్దు, ఎక్కేస్తారు. పడుకునే ముందు బాల్కనీ తలుపు పై గడియ వేయండి. రూమ్ తలుపు, బాల్కనీ తలుపు ఒకేసారి తెరిస్తే గాలి ఈడ్చి తలుపు ధడాలున పడుతుంది. వేళ్లు నలిగే ప్రమాదం ఉంది.

మరి మీకు ఏ రూమ్?

* పెద్దవాళ్లు, వికారం ఉన్నవాళ్లు: మధ్యలో, బాల్కనీలున్న డెక్‌లలో అన్నిటికంటే కింద, లిఫ్ట్‌కి నాలుగైదు రూమ్‌ల దూరంలో.
* చిన్న పిల్లలున్న కుటుంబం: మధ్యలో, పైనా కిందా రూమ్‌లే ఉన్న చోట, గాజు రెయిలింగ్.
* కొత్త జంట: ఊపు తట్టుకోగలమంటే వెనక భాగం. ఏకాంతం, వ్యూ రెండూ దొరుకుతాయి.
* ఫ్రెండ్స్ గ్యాంగ్: గ్యారంటీ టికెట్.

సముద్రం ఏ బాల్కనీ నుంచి చూసినా సముద్రమే. కానీ రాత్రి నిద్ర పట్టాలన్నా, తిన్నది ఒంటబట్టాలన్నా రూమ్ ఉన్న చోటే ముఖ్యం. అందుకే రూమ్ ఫొటో కంటే ముందు డెక్ ప్లాన్ తెరవండి. పది నిమిషాల పని, ట్రిప్ మొత్తం హాయిగా గడుస్తుంది.