ఆస్టిన్‌లో ఒడంబడిక చెట్టు

టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో బేలర్ వీధి పక్కన, అయిదో వీధికీ ఆరో వీధికీ నడుమ ఒక చిన్న పార్కు ఉంది. చూడవలసింది అందులో ఒక్క చెట్టే. పేరు ట్రీటీ ఓక్, అంటే ఒడంబడిక చెట్టు. వయసు సుమారు 500 ఏళ్లు. చలికాలంలోనూ పచ్చగా ఉండి, వసంతంలో పాతాకు రాల్చి కొత్తాకు తొడిగే లైవ్ ఓక్ జాతి. ఒకప్పుడిక్కడ 14 చెట్ల తోపు ఉండేది. కౌన్సిల్ ఓక్స్ అనేవారు. ఊరు పెరిగేకొద్దీ మిగతావి పోయి ఇదొక్కటే మిగిలింది.

కొమాంచీ, టాంకవా తెగలవారికి ఈ తోపు పవిత్రస్థలమనీ, యుద్ధమో సంధో ఇక్కడే తేల్చుకునేవారనీ చెప్తారు. పోరుకు వెళ్లినవాళ్లు క్షేమంగా తిరిగి రావాలని ఆడవాళ్లు ఓక్ కాయల కషాయంలో తేనె కలుపుకుని తాగేవారని మరో కథ. టెక్సస్‌కు అమెరికన్ వలసదారులను తీసుకొచ్చిన స్టీఫెన్ ఆస్టిన్ ఈ నీడనే ఆదివాసులతో సరిహద్దు ఒప్పందం చేసుకున్నాడన్న కథ నుంచే చెట్టుకు పేరు వచ్చింది. అలాంటి ఒప్పందం జరిగినట్టు ఏ కాగితమూ దొరకలేదు. 1927లో అమెరికన్ ఫారెస్ట్రీ అసోసియేషన్ ఈ చెట్టును తన గౌరవ జాబితాలో చేర్చింది. 1937లో నగరం దీన్ని స్థలంతో సహా 1,000 డాలర్లకు కొన్నది. ఒకప్పుడు దీని కొమ్మలు 127 అడుగుల మేర పరచుకుని ఉండేవి.

చెట్టు మీద ఊరివాళ్లకున్న భక్తి ఎంతటిదో తెలియడానికి మాత్రం ఆ పాత కథలు అక్కర్లేదు, 1989 చాలు. ఆ ఏడాది చెట్టు మొదలు చుట్టూ గడ్డి మాడిపోవడం కనిపించింది. మట్టిని పరీక్షిస్తే ఎవరో పోసిన వెల్పార్ అనే కలుపు మందు బయటపడింది. నూరు చెట్లను చంపగల మోతాదు. వేళ్లు పీల్చిన ఆ మందు ఆకులు ఆహారం తయారుచేసుకోకుండా అడ్డుపడుతుంది. ఆకు మాడినప్పుడల్లా చెట్టు దాచుకున్న పిండిపదార్థం ఖర్చుపెట్టి కొత్తాకు వేస్తుంది, అదీ మాడుతుంది. చివరికి నిల్వలన్నీ అయిపోయి చెట్టు చస్తుంది.

విషం కలిసిన మట్టి తీసి కొత్త మట్టి పోశారు. ఎండ పడకుండా తెరలు కట్టారు, ఊట నీరు తుంపర్లుగా చల్లారు, కాండంలోకి చక్కెర నీరు ఎక్కించారు. డల్లాస్ వ్యాపారి రాస్ పెరో ఖర్చు కోసం అంకె వేయని చెక్కు ఇచ్చాడు. దోషిని పట్టిస్తే 10,000 డాలర్లిస్తామని మందు తయారుచేసే డ్యూపాంట్ కంపెనీయే ప్రకటించింది. జనం కోలుకోమంటూ కార్డులు రాశారు, మానుకు ముడుపుల్లాగా స్ఫటికాలు తెచ్చిపెట్టారు. జబ్బు మనిషికి తెచ్చినట్టు కోడి సూపు తెచ్చినవారూ ఉన్నారు. అతీంద్రియ శక్తులున్నాయనే కొందరు తమ శక్తిని చెట్టుకు ధారపోశామన్నారు.

విచిత్రమేమంటే, విషం పెట్టినవాడి పనీ ఒకరకమైన నమ్మకమే. ఒకామె మీద తీరని ప్రేమను చంపుకోవడానికి చెట్టు మీద చేతబడిలాంటిది చేశాడని సాక్ష్యాల్లో తేలింది. 1990లో కోర్టు అతనికి 9 ఏళ్ల జైలు శిక్ష వేసింది.

నిపుణులు చాలామంది చెట్టు మీద ఆశ వదులుకున్నారు. అయినా సుమారు మూడోవంతు బతికింది. చచ్చిన కొమ్మలను నరికేయడంతో ఆకారం ఒకపక్కకు ఒరిగినట్టుంది. విషం పడ్డాక మొదటిసారి 1997లో కాయలు కాసింది. ఆ కాయలతో మొలకెత్తించిన మొక్కలను వేరే చోట్లకు పంచారు.