నరసింగరావు చలనచిత్రములు - తెలంగాణ గ్రామచరిత్ర

వరంగల్లునుండి ఖమ్మమునకు పోవు మార్గమున వర్ధన్నపేట యున్నది. దానికి నైరుతి దిశయందు పాలకుర్తియు, బమ్మెరయు గలవు. సాహిత్యవిద్యార్థులకు ఈ భూభాగము సోమనాథుని మూలమునను, పోతన మూలమునను చిరపరిచితము. పాలకుర్తికి వేఱొక చరిత్ర గూడ గలదు. విసునూరు దేశముఖునకు తన పంటను దక్కనీయక చాకలి ఐలమ్మ నిలిచిన చోటది. ఆ ప్రాంతముననే కడవెండియందు 1946 జులై 4వ తేదీన దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు బలియయ్యెను. ఈ రెండవ చరిత్రను వ్రాయబూనినవారికి ఒక చిక్కు ఎదురగును. నిజాం కాలపు భూమిశిస్తు లెక్కలయందు తరి యెంత, ఖుష్కీ యెంత యను వివరము దొరకును. గడిలో రేయింబవళ్లు చాకిరి చేసిన ఆడుదాని జీవితము ఆ లెక్కల కెక్కదు. శ్రీ బి. నరసింగరావుగారి చలనచిత్రములను చరిత్రవిద్యార్థులును, భాషావిద్యార్థులును శ్రద్ధతో పరిశీలింపవలెనని మేము తలచుటకు ఈ కొఱతయే హేతువు.

నరసింగరావుగారు 1946 డిసెంబరు 26వ తేదీన గజ్వేలు సమీపమునందలి ప్రజ్ఞాపురమున కలిగిన కుటుంబమున జన్మించిరి. ఆ గ్రామము అప్పుడు మెదకు జిల్లాలోనిది, నేడు సిద్ధిపేట జిల్లాలోనిది. హైదరాబాదు లలితకళల కళాశాలలో చిత్రలేఖనము నభ్యసించిరి. 1970వ దశాబ్ది తొలినాళ్లలో ఆయన నడపిన ‘ఆర్ట్ లవర్స్’ బృందముతో గద్దరుకు సంబంధ మేర్పడెను. తరువాతి జననాట్యమండలికి మూలము అచ్చటనే యున్నది. చిత్రకారుని కన్నును, వీథి ప్రదర్శనల అనుభవమును ఒక్కనియందు కూడుట గమనింపదగినది. ఆయన చిత్రములలో ఈ రెండును ఒకప్పుడు కలియుచు, ఒకప్పుడు పెనగులాడుచు నుండును.

చలనచిత్రరంగమున ఆయన అడుగిడినది 1979 నాటి ‘మా భూమి’తో. ఇచ్చట ఒక పొరపాటును సవరింపవలసియున్నది. ఈ చిత్రమునకు నరసింగరావుగారే దర్శకులని పలువురు వ్రాయుచుందురు. దర్శకుడు వంగదేశీయుడగు గౌతమ్ ఘోష్; అది ఆయన తొలి కథాచిత్రము. నరసింగరావుగారు జి. రవీంద్రనాథ్‌తో గూడి దానిని నిర్మించిరి. చిత్రానువాద రచనయందు పాలుగొనిరి. ఐనను జనులు పొరబడుటకు కారణము లేకపోలేదు. తెలుగు మాతృభాష కాని దర్శకుని చిత్రమున తెలంగాణపు నుడికారమును, పాటయు అంత సహజముగా నిలుచుటకు ఈ నేల నెఱిగినవారి చేయి వెనుక నుండక తప్పదు.

కథకు మూలము కిషన్‌చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. నవలయందు ఉరిశిక్షకై నిరీక్షించుచున్న యువకుడు రాఘవరావు చెరసాలలో తన గతమును తలపోయును. చిత్రమున నాయకుడు రామయ్య. కథ ఊరిలో మొదలై, నగరమునందలి కార్మికుల పరిచయము మీదుగా మరల ఊరికే చేరును. 1948 సెప్టెంబరు నాటి పోలీసు చర్య పిమ్మట దొర తిరిగి గ్రామమున నిలదొక్కుకొనుటను చిత్రము దాచలేదు. ఒక వ్యక్తి స్మృతిగా నున్నది ఒక గ్రామచరిత్రగా మాఱినది. మూలమునకును, చిత్రమునకును గల ఈ భేదము తులనాత్మక పరిశీలనకు తగిన విషయము. రామయ్య పాత్రను ధరించిన సాయిచంద్ మన త్రిపురనేని గోపీచందుగారి కుమారుడు. పశువుల కాపరియగు బాలుని గూర్చి సుద్దాల హనుమంతు వ్రాసిన పాటయు, దొరపై ఎత్తిపోవు జనమును గూర్చి బండి యాదగిరి కట్టిన పాటయు సాయుధపోరాట కాలమునాటివే. రెండవదానిని గద్దరు పాడెను. ఇవి చిత్రముకొఱకు వ్రాయించినవి కావు. ఉద్యమకాలపు పాటను మాఱుతరమువారి చెవికి చేర్చిన పని ఈ చిత్రము చేసెను.

గడి తెరకెక్కుట ఇదియే మొదలు కాదు. దాశరథి రంగాచార్యులవారి నవల ‘చిల్లర దేవుళ్లు’ 1977లోనే చలనచిత్రముగా వచ్చియుండెను. కాని మదరాసు కేంద్రముగా పెరిగిన తెలుగు చిత్రపరిశ్రమకు కోస్తా జిల్లాల వాడుకయే ప్రమాణమై, తెలంగాణపు మాట హాస్యగానికో, దుష్టపాత్రకో మాత్రమే చెల్లుచుండెను. ‘మా భూమి’లో నాయకుడే ఆ మాట నాడెను. నరసింగరావుగారిని స్వతంత్ర చిత్రకారుడనుటలో మా యుద్దేశము పెట్టుబడిని గూర్చి మాత్రమే కాదు; ఏ భాషలో పలుకవలెనో పరిశ్రమ ననుమతి యడుగకుండుటయు ఆ స్వాతంత్ర్యములోనిదే. జాను తెనుగును, ద్విపదను చేపట్టిన పాలకురికి సోమనాథుని ఇచ్చట స్మరించుట అతిశయోక్తి యని కొందరనవచ్చును. కవితాశక్తిని మేము పోల్చుట లేదు. ఎవరిని గూర్చి చెప్పుదుమో వారికి తెలియు పలుకుబడిలో చెప్పవలెనా యను ప్రశ్న ఉభయత్ర ఒక్కటియే.

1983 నాటి ‘రంగుల కల’ ఆయన దర్శకత్వము వహించిన మొదటి కథాచిత్రము. నగరమునందలి చిత్రకారుని పాత్రను తామే ధరించిరి. దానికి తెలుగున ఉత్తమ చిత్రముగా జాతీయ పురస్కారము లభించెను. కళాకారుని అంతఃకలహము నిజాయితీతో చెప్పబడినదే కాని, గ్రామమును చూపునపుడు ఆయనకు గల పట్టు ఇందు కనబడదని మా యభిప్రాయము.

ఆ పట్టు సంపూర్ణముగా వ్యక్తమైనది ‘దాసి’యందు. తెలంగాణ దొరల ఇండ్లలో పెండ్లికూతురితోపాటు అరణముగా స్త్రీలను పంపు ఆచార ముండెను. వారిని ఆడబాప లనిరి. ఇంటిపని వారిదే, దొరకును, అతని అతిథులకును లొంగియుండవలసినదియు వారే. పుట్టిన బిడ్డలకు తండ్రి పేరు లేదు, ఆస్తి లేదు. ‘దాసి’లోని కమలాక్షి అట్టి గడిలో బ్రదుకునది. దొరవలన గర్భవతియైన ఆమెకు ఆ గర్భమును నిలుపుకొను హక్కు గూడ లేకపోవుటయే కథ. మాటలు మిక్కిలి తక్కువ. వాకిలి ఊడ్చుట, నీళ్లు మోయుట, పిలుపునకై గుమ్మము కడ నిలుచుట - ఇవియే దృశ్యములు. నినాదములు గల ‘మా భూమి’ తరువాత ఈ నిశ్శబ్దము కొందరికి నచ్చలేదు. ఇందు తిరుగుబాటు లేదని యాక్షేపించువారు గలరు. ఆ యాక్షేపణ మాకు సమంజసముగా తోపదు. తిరుగబడుటకు సంఘము అవసరము. గడిలోని దాసికి సంఘము లేదు, నాలుగు గోడలే యున్నవి. పొలమున పనిచేయు వెట్టివానికిని, ఇంటిలోని ఆడబాపకును గల ఈ భేదమును పోరాటసాహిత్యము తగినంతగా గుర్తింపలేదు. చిత్రము గుర్తించినది.

1988 సంవత్సరపు జాతీయ పురస్కారములలో ఐదు ‘దాసి’కి వచ్చెను. కమలాక్షిగా నటించిన అర్చనకు ఉత్తమ నటి పురస్కారమును, ఛాయాగ్రహణమునకు ఎ. కె. బీర్‌కును, కళాదర్శకత్వమునకు తోట వైకుంఠముకును బహుమతులు లభించినవి. వైకుంఠము తెలంగాణ స్త్రీమూర్తులను చిత్రించుటలో ప్రసిద్ధుడు. గడిలోని పాత్రసామగ్రి, వస్త్రముల తీరు, గోడల రంగు పరిశీలించినచో ఈ కూర్పు యాదృచ్ఛికము కాదని తెలియును.

‘మా ఊరు’ కథలేని చిత్రము; గ్రామజీవనమును నమోదు చేసిన లఘుచిత్రము. 1990 నాటి ‘మట్టి మనుషులు’ పల్లె విడిచి హైదరాబాదునకు పోయి భవననిర్మాణమున కూలిచేయువారి కథ. గడి కూలినను కూలివానికి భూమి చిక్కలేదను విషయము దానివలన తెలియును. ఈ మూడింటిని వరుసగా చూచినవారికి గడినుండి నగరపు కట్టడము దాక ఒకే జనుల ప్రయాణము గోచరించును. 2003లో ‘హరివిల్లు’ వెలువడెను. ఆయన దర్శకత్వమున వచ్చిన కథాచిత్రములు వ్రేళ్లమీద లెక్కింపదగినవి.

చలనచిత్రమును చరిత్రకు ఆధారముగా గొనుటయందు ఒక జాగ్రత్త యవసరము. ‘దాసి’ నిజాం కాలపు పత్రము కాదు. నాలుగు దశాబ్దములు గడచిన పిమ్మట, అదియు కలిగిన ఇంట పుట్టిన పురుషుడు కూర్చిన రూపము. కమలాక్షి తన కథను తాను చెప్పలేదు. కావున ఇందలి ఆచారములను, మాటలను గ్రామములలో విని సరిచూచుకొనవలెను. వర్ధన్నపేట, పాలకుర్తి ప్రాంతముల పెద్దలవలన అరణము, ఆడబాప, వెట్టి, భాగేలా మొదలగు పదముల వాడుకను, వాని చుట్టునున్న సామెతలను, పాటలను సేకరించి చిత్రములలోని సంభాషణలతో పోల్చు పని చేయదగియున్నది. గడి నెఱిగిన తరము తరుగుచున్నది గాన ఈ సేకరణను మొదట స్త్రీలతో నారంభించుట మేలు.