18 నెలల నిరీక్షణ నుంచి 6 వారాల పరీక్ష దాకా: శిశువుల్లో హెచ్.ఐ.వి. తొలి దశ నిర్ధారణ చరిత్ర

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:
- పెద్దలకు చేసే హెచ్.ఐ.వి. పరీక్ష పసిపిల్లలకు ఎందుకు పనికిరాదో వివరించగలుగుతారు.
- ఎండిన రక్తపు చుక్క పద్ధతి వనరులు తక్కువగా ఉన్న దేశాల్లో తెచ్చిన మార్పును తెలుసుకుంటారు.
- పరీక్ష ఉన్నా ఫలితం తల్లికి చేరడంలో జరిగిన ఆలస్యానికి కారణాలను విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

వైద్య చరిత్ర అనగానే మనకు ఆవిష్కరణలు గుర్తుకొస్తాయి. ఫలానా సంవత్సరంలో ఫలానా శాస్త్రవేత్త ఫలానా పరీక్షను కనుగొన్నాడని రాసుకుంటాం. కాని ఒక పరీక్ష పుట్టడం వేరు, అది అవసరమైన వారి గడప దాకా చేరడం వేరు. ఈ రెంటికీ మధ్య గడిచిన కాలానికి కూడా ఒక చరిత్ర ఉంటుంది. శిశువుల్లో హెచ్.ఐ.వి.ని తొలి దశలో గుర్తించే ప్రయత్నం ఇందుకు మంచి ఉదాహరణ. కాబట్టి ఈ పాఠంలో మనం పరీక్షతోపాటు దాని ప్రయాణాన్ని కూడా పరిశీలిద్దాం.

2. సమస్య స్వరూపం

పిల్లల్లో ఎయిడ్స్ లక్షణాలను గురించిన తొలి నివేదికలు 1982 చివరలో అమెరికాలో వెలువడ్డాయి. 1985లో హెచ్.ఐ.వి. రక్తపరీక్ష అందుబాటులోకి వచ్చింది. ఈ పరీక్ష వైరస్‌ను నేరుగా వెతకదు. వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలను, అంటే యాంటీబాడీలను వెతుకుతుంది. పెద్దల విషయంలో ఇది చాలు.

పసిబిడ్డ సంగతి అలా కాదు. గర్భంలో ఉన్నప్పుడే తల్లి ప్రతిరక్షకాలు మాయ గుండా బిడ్డ రక్తంలోకి వస్తాయి. అవి 18 నెలల వరకూ ఉండిపోవచ్చు. అందువల్ల తల్లికి హెచ్.ఐ.వి. ఉంటే, బిడ్డకు వైరస్ సోకినా సోకకపోయినా పరీక్షలో 'పాజిటివ్' అనే వస్తుంది. ఎలాంటి నివారణ చర్యలూ లేనప్పుడు తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. అంటే పాజిటివ్ వచ్చిన బిడ్డల్లో సగం మందికి పైగా వైరస్ లేనివారే. ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది తేలాలంటే ఏడాదిన్నర ఆగాలి.

అంతకాలం ఆగే వ్యవధి ఆ పిల్లలకు లేదు. ఆఫ్రికాలో జరిగిన పలు అధ్యయనాల సమాచారాన్ని క్రోడీకరించి 2004లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, వైరస్ సోకి చికిత్స అందని పిల్లల్లో సుమారు 35 శాతం మంది మొదటి పుట్టినరోజులోపే మరణించారు. రెండేళ్లు నిండేసరికి సగానికి పైగా చనిపోయారు. దక్షిణాఫ్రికా మరణాల నమోదును పరిశీలించినవారు, హెచ్.ఐ.వి. వల్ల శిశు మరణాలు రెండు మూడు నెలల వయసులోనే అత్యధికంగా ఉన్నట్లు గుర్తించారు. 18 నెలల తరవాత చేసే పరీక్ష బతికి ఉన్న పిల్లల లెక్క మాత్రమే చెబుతుంది.

3. పి.సి.ఆర్., వడపోత కాగితం

ప్రతిరక్షకాలను వదిలి వైరస్ జన్యుపదార్థాన్నే వెతికితే ఈ చిక్కు వీడుతుంది. 1983లో కారీ ముల్లిస్ రూపొందించిన పాలిమరేజ్ చైన్ రియాక్షన్ (పి.సి.ఆర్.) దీనికి దారి చూపింది. అతి కొద్ది జన్యుపదార్థాన్ని కూడా లక్షల రెట్లు పెంచి గుర్తించే పద్ధతి ఇది. 1980ల చివరికే సంపన్న దేశాల ప్రయోగశాలల్లో పసిపిల్లలకు ఈ పరీక్ష చేయడం మొదలైంది.

అయితే దీనికి ఖరీదైన యంత్రాలు, శిక్షణ పొందిన సిబ్బంది, నిరంతర విద్యుత్తు కావాలి. రక్త నమూనాను చల్లగా ఉంచి త్వరగా ప్రయోగశాలకు చేర్చాలి. ఆఫ్రికా పల్లెలోని ఆరోగ్య కేంద్రానికి ఇవేవీ అందుబాటులో లేవు.

దీనికి పరిష్కారం అప్పటికి మూడు దశాబ్దాల ముందే వేరొక వ్యాధి కోసం తయారై ఉంది. 1960ల ప్రారంభంలో అమెరికా వైద్యుడు రాబర్ట్ గుత్రీ, నవజాత శిశువుల్లో ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే వ్యాధిని గుర్తించడానికి మడమ మీద చిన్న గుచ్చు గుచ్చి, రక్తపు చుక్కలను వడపోత కాగితంపై ఆరబెట్టే పద్ధతి ప్రవేశపెట్టాడు. ఆరిన రక్తంలోనూ వైరస్ జన్యుపదార్థాన్ని పి.సి.ఆర్.తో గుర్తించవచ్చని 1990ల తొలినాళ్లలో పరిశోధకులు చూపారు. సిరంజి అక్కరలేదు, ఐసుపెట్టె అక్కరలేదు. కాగితాన్ని కవరులో పెట్టి మామూలు టపాలో పంపవచ్చు. యంత్రం పల్లెకు రాలేకపోయినా, పల్లె రక్తం యంత్రం దగ్గరకు వెళ్లగలిగింది.

4. చికిత్సతో ముడిపడిన పరీక్ష

దారి దొరికినా నడక వెంటనే మొదలుకాలేదు. చికిత్స లేని చోట పరీక్ష ఎందుకన్న ప్రశ్న చాలాకాలం అడ్డుపడింది. 1994లో జిడోవుడిన్ మందుతో తల్లి నుంచి బిడ్డకు సోకే ప్రమాదం మూడింట రెండు వంతులు తగ్గుతుందని తేలింది. 1999లో ఉగాండా పరిశోధన ఒక్క మోతాదు నెవిరపిన్‌తో దాన్ని దాదాపు సగానికి తగ్గించవచ్చని చూపింది. దృష్టంతా నివారణ మీదే నిలిచింది. నివారణ ఫలించని బిడ్డల సంగతి వెనకబడింది. 2006 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కూడా, పి.సి.ఆర్. లేని చోట నోటిపూత, తీవ్రమైన న్యుమోనియా వంటి లక్షణాలను బట్టి వ్యాధిని ఊహించి చికిత్స మొదలుపెట్టే వెసులుబాటు ఇవ్వాల్సి వచ్చింది.

ఈ పరిస్థితిని మార్చింది దక్షిణాఫ్రికాలో జరిగిన 'చెర్' పరిశోధన. వైరస్ సోకినా ఇంకా ఆరోగ్యంగా కనిపిస్తున్న 6 నుంచి 12 వారాల శిశువులను రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి వెంటనే మందులు ఇచ్చారు. రెండో వర్గానికి నాటి నిబంధనల ప్రకారం రోగం ముదిరే సూచనలు కనిపించాకే ఇచ్చారు. మొదటి వర్గంలో 4 శాతం, రెండో వర్గంలో 16 శాతం మంది మరణించారు. ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఏడాదిలోపు పిల్లల్లో వైరస్ నిర్ధారణ కాగానే చికిత్స ప్రారంభించాలని సూచించింది. ఆనాటి నుంచి ఆరు వారాల పరీక్ష ప్రాణాధార విషయమైంది.

5. తిరుగు ప్రయాణం

రక్తపు చుక్క నగరానికి చేరింది. ఫలితం తిరిగి ఊరికి రావాలి కదా! అసలు జాప్యం ఇక్కడే బయటపడింది. జాంబియా దక్షిణ ప్రాంతంలోని పది ఆరోగ్య కేంద్రాల్లో ఫలితం రావడానికి సగటున 44 రోజులు పట్టేది. సెల్‌ఫోన్ సందేశాల ద్వారా పంపడం మొదలుపెట్టాక అది 27 రోజులకు తగ్గింది. ఉగాండాలో మోటారు సైకిళ్లపై నమూనాలు చేరవేసే కేంద్రాలను ఏర్పాటు చేశారు.

తరవాతి మెట్టు, యంత్రాన్నే ఆరోగ్య కేంద్రానికి తేవడం. అక్కడికక్కడే ఫలితం చెప్పే చిన్న యంత్రాలకు 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం లభించింది. 2018లో ప్రచురితమైన మొజాంబిక్ అధ్యయనం ప్రకారం, ఇటువంటి యంత్రమున్న కేంద్రాల్లో వైరస్ సోకిన శిశువుల్లో సుమారు 90 శాతం మందికి 60 రోజుల్లోగా చికిత్స మొదలైంది. నమూనాలను దూరానికి పంపిన కేంద్రాల్లో ఇది 13 శాతమే. రెండుచోట్లా వెతికింది అదే వైరస్, తేడా అంతా కాలయాపనలోనే ఉంది.

6. భారతదేశ అనుభవం

మన దేశంలో తల్లి నుంచి బిడ్డకు వ్యాప్తిని నివారించే కార్యక్రమం 2002లో మొదలైంది. 2004లో ఉచిత ఏ.ఆర్.టి. చికిత్స, 2006లో పిల్లల చికిత్సకు ప్రత్యేక కార్యక్రమం వచ్చాయి. శిశువుల తొలి దశ నిర్ధారణను జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2010లో ప్రారంభించింది. అప్పట్లో వ్యాప్తి ఎక్కువగా ఉన్నట్లు గుర్తించిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి కాబట్టి, ఈ విషయం మనకు దూరపు సంగతి కాదు.

మొదటి పరీక్షకు ఆరు వారాల వయసును ఎంచుకోవడంలో ఒక సౌలభ్యం ఉంది. ఆ వయసులో టీకా కోసం తల్లి బిడ్డను ఎలాగూ తీసుకొస్తుంది. అయితే అప్పుడు నెగటివ్ వచ్చినంత మాత్రాన పని పూర్తికాదు. తల్లిపాల ద్వారా కూడా వైరస్ సోకే వీలుంది. అందుకే పాలు మాన్పించిన తరవాత మళ్లీ పరీక్షించాలి. ఈ రెండో రాకకు తల్లి దగ్గర బస్సు ఛార్జీ ఉందా, ఇంట్లో వారికి విషయం తెలుసా, ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అన్న భయం ఉందా అన్నవి యంత్రమెంత ముఖ్యమో అంత ముఖ్యం.

7. సారాంశం

నిర్ధారణకు పట్టే కాలం 18 నెలల నుంచి 6 వారాలకు, కొన్నిచోట్ల ఒక్క రోజుకు తగ్గింది. ఈ తగ్గుదలలో పి.సి.ఆర్.కు ఎంత పాత్ర ఉందో వడపోత కాగితానికి, టపాకు, సెల్‌ఫోన్‌కు, మోటారు సైకిలుకు అంతే పాత్ర ఉంది. అయినా 2020ల తొలి ఏళ్లలో కూడా ప్రపంచవ్యాప్తంగా హెచ్.ఐ.వి. ఉన్న తల్లులకు పుట్టిన పిల్లల్లో రెండు నెలలలోపు పరీక్ష అందినవారు పదిమందిలో సుమారు ఆరుగురే. పరీక్ష కనుగొన్న చరిత్ర ఎప్పుడో పూర్తయింది. అది మిగిలిన నలుగురికి చేరే చరిత్ర ఇంకా నడుస్తోంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 18 నెలలలోపు పిల్లలకు ప్రతిరక్షకాల పరీక్ష ఎందుకు పనికిరాదు?
2. 'చెర్' పరిశోధన ఫలితాలు చికిత్సా విధానాన్ని ఎలా మార్చాయి?
3. మీ ప్రాంతంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని దృష్టిలో పెట్టుకుని, ఒక పరీక్ష ఫలితం తల్లికి చేరడానికి ఎదురయ్యే ఆటంకాలను చర్చించండి.