రెప్పపాటు కథ

చిన్నప్పుడు ఓసారి మా మామయ్య లారీలో నందిగామ నుంచి సూర్యాపేట దాకా వెళ్లాను. దారిలో ముసురు పట్టింది. లారీకి వైపర్ ఉంది గానీ, అది ఎప్పుడో పనిచెయ్యడం మానేసింది. క్లీనరు బండి ఆపించి కిందికి దిగాడు. జేబులోంచి రెండు బీడీలు తీసి, దారం విప్పి, లోపలి పొగాకును చినుకుల్లోనే తడిపి ముందు అద్దమంతా గట్టిగా రుద్దాడు. అప్పటిదాకా బొట్లు బొట్లుగా అద్దాన్ని అంటుకుని ఉన్న నీళ్లు పల్చటి పొరలా జారిపోసాగాయి. మసకమసకగా ఉన్న రోడ్డు కళ్లముందు తేటపడింది. "ఇంకో ఇరవై కిలోమీటర్లు భయం లేదన్నా" అంటూ మళ్లీ ఎక్కి కూర్చున్నాడు.

ఆ క్లీనరుకు తెలియదు గానీ, అతని చిట్కా మోటారు కార్లంత పాతది. కార్లు పుట్టిన తొలిరోజుల్లో అమెరికాలో డ్రైవర్లు ఉల్లిపాయో, బంగాళాదుంపో సగానికి కోసి అద్దానికి రుద్దేవారు. అదీ చాలకపోతే అద్దం పైభాగాన్ని తెరిచి, మొహాన వాన కొడుతుంటే కళ్లు చికిలించుకుని నడిపేవారు. ఇంజను కనిపెట్టారు, గేర్లు కనిపెట్టారు, గాలి టైర్లు కనిపెట్టారు. వానలో ముందేముందో చూడటానికి మాత్రం ఉల్లిపాయే దిక్కయింది.

1902 చలికాలంలో అలబామా రాష్ట్రం నుంచి మేరీ ఆండర్సన్ అనే ఆవిడ న్యూయార్క్ చూడటానికి వచ్చింది. అప్పటికామెకు ముప్పై ఆరేళ్లు. ఇంజనీరు కాదు, ఏ కార్ఖానాలోనూ పనిచేసింది కాదు. బర్మింగ్‌హామ్ పట్టణంలో ఇళ్లు కట్టించి అద్దెకిచ్చింది. కొన్నేళ్లు కాలిఫోర్నియాలో పశువుల్ని, ద్రాక్షతోటను చూసుకుంది. లోకజ్ఞానం ఉన్న మనిషి. ఆ రోజు ట్రామ్ ఎక్కింది. బయట మంచు కలిసిన వాన. ట్రామ్ ముందు అద్దం రెండు రెక్కలుగా ఉండేది. మంచు పేరుకుని ఏమీ కనపడక, డ్రైవరు ఆ రెక్కలు తెరిచేసి, ఎముకలు కొరికే గాలికి ఎదురుగా మొహం పెట్టి నడుపుతున్నాడు. అతనితో పాటు లోపలి ప్రయాణికులంతా వణికిపోతున్నారు.

న్యూయార్క్‌లో ఆ దృశ్యం రోజూ వేలమంది చూసేవాళ్లే. చలికాలమన్నాక అంతేలెమ్మని ఊరుకునేవాళ్లే. మేరీ మాత్రం ఊరుకోలేదు. లోపల కూర్చున్నవాడు అద్దం తెరవకుండానే బయటి తడిని తుడవలేడా? ఆ ప్రశ్నను ఆమె అలబామాకు వెంటతీసుకుపోయింది.

ఇంటికెళ్లి బొమ్మ గీసింది. డ్రైవరు పక్కన ఒక పిడి. ఆ పిడి తిప్పితే, అద్దం బయట రబ్బరు అంచున్న ఒక చెయ్యి ఈ కొస నుంచి ఆ కొసకు ఊగుతుంది. తిరిగి చోటికి రావడానికి ఒక స్ప్రింగు. రబ్బరు అద్దాన్ని వదలకుండా అదిమి పట్టడానికి ఒక బరువు. మంచుకాలం పోయాక మొత్తం ఊడదీసి అవతల పెట్టుకోవచ్చు. దగ్గర్లోని ఒక కంపెనీ చేత నమూనా చేయించింది. 1903 జూన్ 18న పేటెంటుకు దరఖాస్తు పెట్టింది. సరిగ్గా దానికి రెండు రోజుల ముందే, జూన్ 16న, ఫోర్డ్ మోటార్ కంపెనీ రిజిస్టరయింది. ఆ ఫోర్డ్ పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది. నవంబరు 10న ఆమెకు 7,43,801 నంబరు పేటెంటు దక్కింది.

పేటెంటు దక్కినా కొనేవాడు కావాలి కదా! 1905లో కెనడాలోని ఒక సంస్థకు తన హక్కులు అమ్మజూపింది. దీన్ని అమ్మితే గిట్టుబాటయ్యేంత వ్యాపారం కనిపించడం లేదని వాళ్లు జవాబు రాశారు. వాళ్లనూ పూర్తిగా తప్పుపట్టలేం. అప్పటికి రోడ్ల మీద కార్లే తక్కువ, ఫోర్డ్ మోడల్ టి రావడానికి ఇంకా మూడేళ్లుంది. మేరీ పేటెంటు కాగితాన్ని దాచుకుంది. దాని పదిహేడేళ్ల గడువు 1920లో తీరిపోయింది. 1922లో కాడిలాక్ కంపెనీ తన కార్లకు వైపర్‌ను తప్పనిసరి భాగం చేసింది. ఆమెకు ఒక్క డాలరు కూడా ముట్టలేదు.

ఈలోగా ఇంకొందరు ఇదే దారిలో తడుముకుంటూ నడిచారు. 1917లో షార్లెట్ బ్రిడ్జ్‌వుడ్ అనే ఆవిడ కరెంటుతో తిరిగే వైపర్‌కు పేటెంటు తీసుకుంది. అందులో రబ్బరు బ్లేడు బదులు రోలర్లు ఉండేవి. అదీ అమ్ముడుపోలేదు. ఈ షార్లెట్ కూతురు ఫ్లోరెన్స్ లారెన్స్ మూకీ సినిమాల రోజుల్లో పేరుమోసిన తార. ఆమెకూ కార్ల పిచ్చే. వెనక వచ్చేవాళ్లకు కారు ఎటు తిరగబోతోందో చెప్పే చేతి గుర్తునూ, ఆగబోతున్నామని చెప్పే పలకనూ తయారు చేసుకుంది, పేటెంటు మాత్రం తీసుకోలేదు. తల్లీకూతుళ్లిద్దరి ఆలోచనలూ ఈనాడు ప్రతి కారులోనూ ఉన్నాయి, పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

బఫలో నగరంలో జాన్ ఓయిషీ ఒక థియేటర్‌కు మేనేజరు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఒక వానరాత్రి కారు నడుపుతూ, అద్దంలోంచి దారి కనపడక సైకిల్ మీద వెళ్తున్న మనిషిని గుద్దాడు. అదృష్టం కొద్దీ ఆ మనిషికి పెద్ద దెబ్బలేమీ తగల్లేదు. కానీ ఓయిషీ మనసుకు తగిలిన దెబ్బ మానలేదు. తమ ఊళ్లోనే చేతితో లాగే ఒక రబ్బరు తుడుపుకర్ర తయారవుతోందని తెలుసుకున్నాడు. దాన్ని అమ్మడానికి కంపెనీ పెట్టాడు. అదే తర్వాత ట్రైకో పేరుతో వైపర్ల వ్యాపారంలో మహావృక్షమైంది.

చేతితో తిప్పే రోజులు పోయి, ఇంజనే వైపర్‌ను తిప్పే రోజులు వచ్చాయి. ఇంజను గాలి పీల్చుకునే గొట్టంలో పుట్టే వాక్యూమ్‌తో వైపర్‌ను ఆడించారు. ఖర్చు తక్కువ, మోటారు అక్కర్లేదు. కానీ అందులో ఒక విచిత్రమైన లోపం ఉంది. యాక్సిలరేటర్ మీద కాలు నొక్కితే ఆ వాక్యూమ్ పడిపోతుంది. అంటే గుట్ట ఎక్కుతున్నప్పుడో, లారీని దాటబోతున్నప్పుడో, సరిగ్గా కళ్లు బాగా కనపడాల్సిన ఆ క్షణంలోనే వైపర్ నీరసించి సగంలో నిలబడిపోతుంది. కాలు తీయగానే పూనకం వచ్చినట్టు టపటపా కొట్టుకుంటుంది. జర్మనీలో బాష్ కంపెనీ 1926లోనే ఎలక్ట్రిక్ వైపర్ తెచ్చినా, అమెరికాలో ఈ వాక్యూమ్ వైపర్లు 1960ల దాకా నడిచాయి. ఆనాటి కార్లను ప్రాణంగా దాచుకునే వాళ్లను అడగండి, వానలో గుట్ట ఎక్కిన కథ ఒకటి తప్పకుండా చెబుతారు.

ఎలక్ట్రిక్ మోటారుతో ఆ జబ్బు కుదిరింది. అయినా ఇంకో చిక్కు మిగిలింది. నా దృష్టిలో ఈ కథకంతటికీ అసలైన పొడుపుకథ అదే. వాన అంటే ఒకటా? తుంపర, జల్లు, ముసురు, జడి, కుండపోత అని మనకు ఒక్కో వానకు ఒక్కో మాట ఉంది. వైపర్‌కు తెలిసింది మాత్రం కుండపోత ఒక్కటే. తుంపరలో వేస్తే నాలుగు ఊపుల్లో అద్దం పొడిబారి రబ్బరు కీచుమంటుంది. ఆపేస్తే క్షణంలో అద్దమంతా చినుకులు. వెయ్యి, ఆపు, మళ్లీ వెయ్యి. డ్రైవరుకు దారి మీద కంటే స్విచ్చి మీదే ధ్యాస. వాక్యూమ్‌తోనే వైపర్‌ను ఆగి ఆగి తిరిగేలా చెయ్యాలని పెద్ద కంపెనీల ఇంజనీర్లు తంటాలు పడుతూనే ఉన్నారు. కుదరలేదు.

మేరీ ఆండర్సన్ 1953లో కన్నుమూసింది. అదే ఏడాది రాబర్ట్ కేర్న్స్ అనే యువ ఇంజనీరుకు పెళ్లయింది. పెళ్లినాటి రాత్రి షాంపేన్ సీసా తెరుస్తుంటే బిరడా ఎగిరొచ్చి ఎడమ కంటికి తగిలింది. ఆ కంటి చూపు దాదాపు పోయింది. ఆ క్షణాన అతనికి అది దురదృష్టం తప్ప మరొకటి కాదు.

పదేళ్లు గడిచాయి. 1963లో ఒక రోజు డెట్రాయిట్‌లో తన ఫోర్డ్ గెలాక్సీ నడుపుతున్నాడు. సన్నటి తుంపర. వైపర్ ఎడతెగకుండా అటూ ఇటూ కొట్టుకుంటుంటే ఉన్న ఒక్క మంచి కన్నుకు చికాకు పుట్టింది. కన్ను పోగొట్టుకున్నవాడు కాబట్టి కంటి సంగతి అందరికంటే ఎక్కువ ఆలోచించినవాడు. మన కన్ను కూడా తడి అద్దమే. దాన్ని తుడిచే వైపర్ మన రెప్ప. అది ఎడతెగకుండా కొట్టుకోదు. ఒకసారి తుడిచి ఆగుతుంది, మళ్లీ కొన్ని క్షణాలకు తుడుస్తుంది. రెప్ప వేస్తున్న స్పృహే మనకు ఉండదు. మరి కారు ఎందుకు రెప్ప వెయ్యకూడదు?

డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పేవాడు కేర్న్స్. ఇంటి నేలమాళిగే అతని ప్రయోగశాల. ఆ ఇంజనీర్లు గాలితో, కవాటాలతో కుస్తీ పడుతుంటే అతను ఎలక్ట్రానిక్స్ పట్టుకున్నాడు. పరికరం నిజానికి చాలా చిన్నది. ఒక కుండలోకి సన్నటి ధారగా నీళ్లు పడుతున్నాయనుకోండి. కుండ నిండగానే ఒక తలుపు తెరుచుకుంటుంది, వైపర్ ఒక్కసారి ఊగుతుంది, కుండ ఖాళీ అవుతుంది. మళ్లీ నిండేదాకా వైపర్ ఆగుతుంది. ఆ కుండ కెపాసిటర్, ధారను సన్నం చేసే కుళాయి రెసిస్టర్, తలుపు ట్రాన్సిస్టర్. కుళాయి కాస్త తిప్పితే ఆగే వ్యవధి మారుతుంది. ముసురుకు ఒక లెక్క, జల్లుకు ఒక లెక్క. మూడూ అప్పటికే బజారులో దొరికే వస్తువులే. వాటిని ఇలా కలపడంలోనే ఉంది అతని ఆలోచన.

గెలాక్సీకి అమర్చి ఫోర్డ్ ఇంజనీర్లకు చూపించాడు. వాళ్లు కారు చుట్టూ మూగారు, ప్రశ్నలు వేశారు, ముచ్చటపడ్డారు. ముప్పై లక్షల సార్లు తిరిగినా చెడిపోదని రుజువు చెయ్యమన్నారు. కేర్న్స్ నేలమాళిగలో చేపల తొట్టె ఒకటి పెట్టాడు. అందులో నూనె, రంపపు పొట్టు కలిపి పోసి, ఆ చిక్కటి ముద్దలో వైపర్‌ను వదిలాడు. నెలల తరబడి రాత్రింబవళ్లు అది ముద్దను తోస్తూ, ఆగుతూ, మళ్లీ తోస్తూనే ఉంది. పైన పిల్లలు నిద్రపోతుంటే కింద చీకట్లో ఆ వైపర్ రెప్ప వేస్తూనే ఉండేది. ముప్పై లక్షలు దాటింది, చెడిపోలేదు. 1964 డిసెంబరు 1న పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1967లో దక్కింది.

ఫోర్డ్ నుంచి మాత్రం పిలుపు ఆగిపోయింది. 1969లో ఆ కంపెనీ మెర్క్యురీ కార్లలో ఆగి ఆగి తిరిగే వైపర్లు వచ్చాయి. క్రమంగా మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. 1976లో అతని కొడుకు మెర్సిడెస్ కారు వైపర్ సర్క్యూట్ ఒకటి తెచ్చిపెట్టాడు. కేర్న్స్ విప్పి చూశాడు. తన అమరికే! ఆ దెబ్బకు మనిషి మనసు చెదిరిపోయింది, కోలుకోవడానికి చాలా కాలం పట్టింది.

1978లో ఫోర్డ్ మీద దావా వేశాడు, 1982లో క్రైస్లర్ మీద. ఉన్న వస్తువుల్నే కలిపాడు, ఇందులో కొత్తేముందని కంపెనీల వాదన. ఆ కలపడమే కొత్త అని అతని వాదన. పన్నెండేళ్ల తర్వాత, 1990లో, ఫోర్డ్ అతని పేటెంటును ఉల్లంఘించిందని జ్యూరీ తేల్చింది. కావాలని చేసింది కాదని కూడా అంది. కోటీ రెండు లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. లాయర్లతో పొసగక క్రైస్లర్ కేసును చాలావరకు తానే వాదించుకుని 1992లో అదీ గెలిచాడు, వడ్డీతో కలిపి దాదాపు మూడు కోట్ల డాలర్లు వచ్చాయి. అప్పటికి అతని సంసారం విచ్ఛిన్నమైంది, పేటెంటు గడువు ముగిసింది. డబ్బుకంటే తన వైపర్లు తన ఫ్యాక్టరీలో తన పిల్లలతో కలిసి తయారు చెయ్యాలన్నది అతని కోరిక. అది తీరలేదు. 2005లో డెబ్బై ఏడేళ్ల వయసులో చనిపోయాడు. మూడేళ్లకు అతని మీద హాలీవుడ్‌లో సినిమా వచ్చింది.

మేరీ ఆండర్సన్ పేరును అమెరికా ఆవిష్కర్తల గౌరవ పట్టికలో 2011లో చేర్చారు. అప్పటికి పేటెంటు దక్కి నూటెనిమిదేళ్లు.

ఈసారి తుంపరలో కారెక్కినప్పుడు వైపర్ మీటను మొదటి మెట్టు మీద పెట్టి కాసేపు చూడండి. రబ్బరు అద్దం మీద ఊగడం మేరీది. ఊగాక మీ కళ్లముందు అది ఆగి ఉండే ఆ రెండు మూడు క్షణాలు కేర్న్స్‌వి.