రసౌషధములు - పరీక్ష

బసవరాజీయము తెలుగు వైద్యులకు చిరపరిచితము. అందు పాదరసము, లోహభస్మములు చేరిన యోగములు పెక్కులు. పాదరస గంధకములను కల్వమున నూరిన కాటుకవంటి కజ్జలి యగును. దానిని గాజుకుప్పెలో నుంచి యిసుకపాత్రలో కాచిన నెఱ్ఱని రససిందూర మేర్పడును. పాశ్చాత్యులును, 1910లో ఎర్లిహ్ పండితుని పాషాణయోగమగు సాల్వర్సన్ వెలువడువఱకు, సవాయిరోగమునకు పాదరసమునే విశేషముగా వాడిరి గనుక నీ విషయమున నొకరి నొకరు పరిహసింప నక్కఱలేదు.

భస్మము నీటిపై తేలవలెను, వ్రేలిరేఖలలో నిమిడిపోవలెను అని మన పూర్వులు పరీక్షలు విధించిరి. అవి పొడి మెత్తదనమును దెలుపునే కాని విషము విఱిగినదో లేదో చెప్పజాలవు. 2004లో ప్రకటితమైన పరిశోధనలో, అమెరికాయందలి బోస్టను ప్రాంతపు టంగళ్ల ఆయుర్వేదపు మందులు 70 పరీక్షింపగా, 14 ఇంట సీసమో, పాదరసమో, పాషాణమో కనబడినది. పరీక్ష పెట్టినది పూర్వులే కాగా, భస్మమును నేడు ప్రయోగశాలకు పంపుట వారిని ధిక్కరించుట యెట్లగునో మాకు బోధపడదు.