ప్రాణభయంతో చేసిన హత్య: ఒక న్యాయసూత్రం చరిత్ర, పరిశీలన

1. ఉపోద్ఘాతం

“ఇతణ్ణి చంపు, లేకుంటే నిన్ను చంపుతాం” అన్న బెదిరింపునకు లొంగి ఒక నిరపరాధిని చంపినవాడు చట్టం దృష్టిలో హంతకుడేనా? నాలుగు శతాబ్దాలుగా న్యాయశాస్త్రజ్ఞులను వేధిస్తున్న ప్రశ్న ఇది. ఇంగ్లండులో పుట్టిన సమాధానం భారత శిక్షాస్మృతిలో చోటు చేసుకుంది. 1997లో హేగ్ నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానం ముందు అదే సమాధానం మరొకసారి పరీక్షకు నిలిచింది. ఈ సూత్రం ఎలా ఏర్పడిందో, భారతీయ చట్టంలో దాని ఫలితం ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మూడు భావనలను వేరుచేసుకోవాలి. తనపై దాడి చేసినవాణ్ణే ఎదిరించి చంపడం ఆత్మరక్షణ. ఆకలి, తుఫాను వంటి పరిస్థితుల ఒత్తిడికి లోనై నేరం చేయడం ఆవశ్యకత. మూడో మనిషి బెదిరింపు వల్ల, ఏ తప్పూ చేయని వేరొకరికి హాని చేయడం నిర్బంధం. ఇక్కడి చర్చ ప్రధానంగా మూడోదాని గురించే.

2. ఇంగ్లీషు న్యాయంలో సూత్రం పుట్టుక

ఈ సూత్రానికి స్పష్టమైన రూపం ఇచ్చినవాడు పదిహేడో శతాబ్దపు న్యాయమూర్తి సర్ మాథ్యూ హేల్. ఆయన 1676లో మరణించగా, నేరన్యాయంపై ఆయన రాసిన గ్రంథం 1736లో వెలువడింది. నిరపరాధిని చంపడం కంటే తానే చనిపోవడం మనిషి విధి అని హేల్ నిర్ణయం. బెదిరించినవాణ్ణి ఆత్మరక్షణకై చంపే హక్కును చట్టం ఇచ్చింది కాబట్టి, అమాయకుణ్ణి చంపవలసిన అగత్యం లేదన్నది ఆయన చూపిన కారణాలలో ఒకటి. 1769లో బ్లాక్‌స్టన్ తన వ్యాఖ్యానాల నాలుగో సంపుటంలో ఇదే మార్గాన్ని అనుసరించాడు.

1884లో వచ్చిన డడ్లీ, స్టీఫెన్స్ కేసు ఆవశ్యకతకు సంబంధించినదైనా ఈ సూత్రానికి బలం చేకూర్చింది. మిగ్నొనెట్ అనే నౌక మునిగిపోగా నలుగురు నావికులు చిన్న పడవలో సముద్రంపై చిక్కుకున్నారు. ఆకలిదప్పులు భరించలేక, వారిలో ఇద్దరు అనారోగ్యంతో పడి ఉన్న పదిహేడేళ్ల కుర్రవాణ్ణి చంపారు. అతని మాంసమే వారికి ఆహారమైంది. న్యాయస్థానం దాన్ని హత్యగానే నిర్ణయించి మరణశిక్ష విధించింది. తరువాత ప్రభుత్వం దాన్ని ఆరునెలల కారాగార శిక్షగా తగ్గించింది. తీర్పు కఠినంగా ఉండడం, దయ న్యాయస్థానం వెలుపలి నుంచి రావడం ఈ సూత్రం చరిత్ర పొడవునా కనిపించే లక్షణం.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ కాఠిన్యం కొంత సడలింది. తుపాకీ పట్టిన ఉగ్రవాదుల ఆజ్ఞపై కారు నడిపి, ఒక పోలీసు హత్యకు సహకరించిన వ్యక్తి విషయంలో 1975లో లించ్ కేసు వచ్చింది. స్వయంగా చంపని సహాయకుడు నిర్బంధాన్ని రక్షణగా చెప్పుకోవచ్చని ప్రభువుల సభ 3-2 ఆధిక్యంతో అంగీకరించింది. మరుసటి ఏడాది ట్రినిడాడ్ నుంచి వచ్చిన అబట్ కేసులో, స్వయంగా చంపినవానికి ఆ రక్షణ లేదని ప్రివీ కౌన్సిల్ అదే 3-2 ఆధిక్యంతో చెప్పింది. 1987లో హౌ కేసులో ప్రభువుల సభ లించ్ తీర్పును కొట్టివేసి, చంపినవానికీ సహకరించినవానికీ రక్షణ లేదని తేల్చింది. 1992లో గాట్స్ కేసులో ఈ నిషేధం హత్యాయత్నానికి కూడా విస్తరించింది. ఆ కేసులో ముద్దాయి పదహారేళ్ల బాలుడు. తల్లిని పొడవకపోతే కాల్చేస్తానని బెదిరించినవాడు కన్నతండ్రి. చట్టాన్ని మార్చాలని ఇంగ్లండు లా కమిషన్ 2006లో చేసిన సిఫార్సు అమలుకు నోచుకోలేదు.

3. భారత శిక్షాస్మృతి: కమ్మరి ఉదాహరణ

మెకాలే అధ్యక్షతన 1837లో ముసాయిదా సిద్ధమై, 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమలైన భారత శిక్షాస్మృతిలో 94వ సెక్షన్ ఈ విషయానికి సంబంధించినది. తక్షణ మరణం తప్పదనే సహేతుకమైన భయంతో చేసిన పని నేరం కాదని అది చెబుతుంది. అయితే హత్యనూ, మరణశిక్షకు తగిన రాజ్యవిరుద్ధ నేరాలనూ మినహాయించింది. భయం తన ప్రాణం గురించినదే కావాలి. భార్యాబిడ్డలను చంపుతామన్న బెదిరింపు ఈ సెక్షన్ మాటల పరిధిలోకి రాదు.

సెక్షన్ వివరణలో ఒక ఉదాహరణ ఉంది. బందిపోట్లు ఒక కమ్మరిని పట్టుకొని, చంపుతామని బెదిరించి, అతని పనిముట్లతోనే ఒక ఇంటి తలుపు పగలగొట్టిస్తారు. ఆ కమ్మరికి చట్టం రక్షణ ఇస్తుంది. అదే ముఠా అతని చేతికి కత్తి ఇచ్చి ఇంటి యజమానిని చంపించి ఉంటే రక్షణ లేదు. మహాభారత శాంతిపర్వంలోని ఆపద్ధర్మ ప్రకరణంతో దీనికి ఒక పోలిక ఉంది. కరవుకాలంలో ప్రాణం నిలుపుకోవడానికి విశ్వామిత్రుడు నిషిద్ధమాంసాన్ని దొంగిలించబూనడాన్ని ఆ కథ సమర్థిస్తుంది. అక్కడ సడలినవి ఆహారానికీ సొత్తుకూ సంబంధించిన నియమాలే. పరుల ప్రాణం అక్కడ పణంగా లేదు.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 32వ సెక్షన్‌లో ఈ నిబంధన సారాంశం మారకుండా కొనసాగుతోంది.

4. పిలిత్సా: సూత్రానికి ఎదురైన పరీక్ష

1995 జూలై 16న బోస్నియాలోని పిలిత్సా గ్రామం దగ్గర ఒక వ్యవసాయ క్షేత్రానికి స్రెబ్రెనిత్సా నుంచి ముస్లిం పురుషులను బస్సుల్లో తీసుకువచ్చి, చిన్నచిన్న బృందాలుగా నిలబెట్టి కాల్చి చంపారు. ఆ రోజు అక్కడ మరణించినవారు సుమారు 1,200 మంది. కాల్చిన సైనికులలో ద్రాజెన్ ఎర్దెమోవిచ్ ఒకడు. అతడు బోస్నియా సెర్బు సైన్యంలో పనిచేస్తున్న క్రోట్ యువకుడు. మొదట నిరాకరించాననీ, జాలిగా ఉంటే తుపాకీ ఇచ్చేసి వెళ్లి వాళ్ల వరుసలో నిలబడమన్నారనీ అతడు చెప్పాడు. తాను సుమారు 70 మందిని చంపి ఉంటానని అతని అంచనా. అదే రోజు పిలిత్సా సాంస్కృతిక భవనంలో బంధించిన మరో 500 మందిని చంపమన్నప్పుడు మాత్రం అతడు వెళ్లలేదు. ఈ వివరాలు ప్రధానంగా అతని ఒప్పుకోలు ద్వారానే వెల్లడయ్యాయి.

1996 నవంబరు 29న హేగ్ న్యాయస్థానం అతనికి పదేళ్ల శిక్ష విధించింది. అప్పీలుపై 1997 అక్టోబరు 7న ఐదుగురు న్యాయమూర్తులు 3-2గా విడిపోయారు. నిరపరాధులను చంపిన సైనికునికి నిర్బంధం సంపూర్ణ రక్షణ కాజాలదని, శిక్ష తగ్గింపునకు మాత్రమే కారణం కాగలదని మెక్‌డొనాల్డ్, వోహ్రా, లీ నిర్ణయించారు. కసేసీ, స్టీఫెన్ విభేదించారు. ఆ సైనికుడు కాల్చకపోయినా ఆ బందీలు బ్రతికేవారు కాదు కనుక, ‘అతని ప్రాణమా, వారి ప్రాణమా’ అన్న ఎంపికే అక్కడ లేదన్నది ఈ అసమ్మతిలోని కీలకాంశం. స్టీఫెన్ ఆస్ట్రేలియాకు చెందినవాడు. కామన్ లా సంప్రదాయంలో పెరిగిన న్యాయమూర్తే ఆ సంప్రదాయపు సూత్రం ఈ సందర్భానికి పొసగదని చెప్పడం గమనార్హం. 1998 మార్చి 5న తుది శిక్ష ఐదేళ్లుగా ఖరారైంది. అదే ఏడాది రూపొందిన రోమ్ శాసనం 31వ అధికరణంలో హత్యను మినహాయించకుండానే నిర్బంధానికి చోటు కల్పించింది. భారతదేశం ఆ శాసనంలో భాగస్వామి కాదు.

5. విశ్లేషణ

హేల్ సూత్రంలో రెండు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. ఆ పని చేయదగినదా అన్నది మొదటిది. చేసినవాణ్ణి హంతకునిగా శిక్షించవచ్చునా అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు హేల్ ఇచ్చిన సమాధానాన్ని కాదనలేము. చనిపోయినవాని ప్రాణం చంపినవాని ప్రాణం కంటే తక్కువది కాదు. అయితే చేయరాని పని చేశాడన్నంత మాత్రాన, ఇష్టపూర్వకంగా చంపినవానితో అతడు సమానుడు కాడు. సమర్థన వేరు, మన్నింపు వేరు.

మన్నిస్తే ముఠా నాయకులు తమ అనుచరులందరికీ ఆ సాకునే నేర్పుతారన్న అభ్యంతరం ఉంది. ఇది తేలికగా తీసివేయదగినది కాదు. అయితే కోరి ముఠాలో చేరినవానికి రక్షణ లేదని 94వ సెక్షన్ వివరణే చెబుతోంది. అందువల్ల ఈ అభ్యంతరానికి జవాబు చాలామట్టుకు చట్టంలోనే ఉంది.

ఇంకొక వాదం, నేరాన్ని హత్యగానే నిర్ణయించి శిక్షలో కనికరం చూపవచ్చునన్నది. హేగ్ ఆధిక్య తీర్పు దీనిపైనే నిలిచింది. అక్కడి న్యాయమూర్తులు శిక్షను ఐదేళ్లకు తగ్గించగలిగారు. భారతీయ న్యాయమూర్తికి ఆ వెసులుబాటు లేదు. పాత 302వ సెక్షన్ ప్రకారమైనా, న్యాయ సంహిత 103వ సెక్షన్ ప్రకారమైనా హత్యకు శిక్ష మరణం లేదా యావజ్జీవం. 1980 నాటి బచన్ సింగ్ తీర్పులో శిక్ష తగ్గించే పరిస్థితుల జాబితాలో ఇతరుల నిర్బంధం వల్ల చేసిన నేరం కూడా ఉంది. కాని ఆ తగ్గింపు ఉరి నుంచి యావజ్జీవం దాకానే. అటుపైన మిగిలేది రాష్ట్రపతికి 72వ అధికరణం, గవర్నర్‌కు 161వ అధికరణం ఇచ్చిన క్షమాధికారం. అంటే దయ మళ్లీ న్యాయస్థానం వెలుపలి నుంచే రావాలి.

మరొక అసమానత కూడా ఉంది. తీవ్రమైన రెచ్చగొట్టడం వల్ల ఆగ్రహంతో చంపితే హత్యానేరం ఒక మెట్టు దిగి, హత్య కాని నరహత్య అవుతుంది. 300వ సెక్షన్‌లోని ఐదు మినహాయింపులలో అది మొదటిది. ఆకస్మిక కలహంలో చంపినా అంతే. తుపాకీ మొనకు లొంగి వణుకుతూ చంపినవానికి మాత్రం అలాంటి మెట్టు లేదు. కోపాన్ని మానవ బలహీనతగా గుర్తించిన చట్టం భయాన్ని గుర్తించలేదు.

6. ముగింపు

నిరపరాధిని చంపడానికి నిర్బంధం సంపూర్ణ రక్షణ కారాదన్న సంప్రదాయానికి బలమైన నైతిక పునాది ఉంది. దాన్ని కూలదోయనవసరం లేదు. అయితే తక్షణ మరణభయంతో, తన ఇష్టంతో ప్రమేయం లేకుండా ఆ స్థితిలో చిక్కుకొని చంపినవాని నేరాన్ని హత్య కాని నరహత్యగా పరిగణించే ఆరో మినహాయింపును చేర్చడం ఆ పునాదికి విరుద్ధం కాదు. చనిపోయినవానికి అన్యాయం జరిగిందని చట్టం అప్పుడూ చెబుతూనే ఉంటుంది. చంపినవాని స్థితిని తూచే బాధ్యత మాత్రం క్షమాభిక్ష కోరే అర్జీ నుంచి న్యాయస్థానానికి మారుతుంది. 2023లో శిక్షాస్మృతిని తిరగరాసినప్పుడు ఈ అవకాశం వచ్చింది. కమ్మరి ఉదాహరణతో సహా పాత పాఠమే కొత్త సంఖ్యతో నిలిచిపోయింది.