పేడ, గింజ, నీరు: పూసా సంస్థలో ఒక పరిశోధన పరంపర

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1905లో బీహార్‌లోని పూసాలో పుట్టింది. హెన్రీ ఫిప్స్ అనే అమెరికన్ దాత ఇచ్చిన 30,000 పౌండ్లు అందుకు మూలధనం. 1934 జనవరి 15 నాటి భూకంపంలో అక్కడి ప్రధాన భవనం దెబ్బతినడంతో సంస్థను ఢిల్లీకి తరలించారు. 1936 నవంబరులో కొత్త ప్రాంగణం ప్రారంభమైంది. పూసా అనే పేరు మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఈ సంస్థ అనగానే గోధుమ వంగడాలే గుర్తొస్తాయి. ఆ ఖ్యాతి చాటున మరో కృషి తగినంత గుర్తింపు లేకుండా ఉండిపోయింది. పశువుల పేడ, పొలం నీరు, ఇంట్లో నిల్వ ఉన్న గింజ వృథా కాకుండా చూడడానికి సాగిన పరిశోధన అది. వ్యవసాయ ఇంజనీరింగ్‌కు ప్రత్యేక విభాగం 1945లో ఏర్పడినా, ఈ పనిలో రసాయన, కీటక, ఉద్యాన శాస్త్రజ్ఞుల పాలు ఇంజనీర్లకు తీసిపోదు.

ముందు పేడ సంగతి. పిడకలు చేసి పొయ్యిలో పెడితే వంట అవుతుంది గానీ చేనికి చేరాల్సిన నత్రజని పొగలో పోతుంది. వంటా ఎరువూ రెండూ దక్కే దారి కోసం 1930ల చివర్లో ఎస్.వి. దేశాయ్ ఇక్కడ గోబర్ గ్యాస్ ప్రయోగాలు మొదలుపెట్టారు. పేడలో అంతే నీరు కలిపి, గడ్డీ గాదం ఏరేసి, గొట్టం గుండా బావిలాంటి తొట్టిలోకి వదులుతారు. గాలి తగలని ఆ చోట సూక్ష్మజీవులు పేడను కుళ్లబెడితే మీథేన్ పుడుతుంది. పైన బోర్లించిన ఇనుప డ్రమ్ము గ్యాస్ చేరేకొద్దీ లేస్తుంది. దాని బరువే గ్యాస్‌ను పొయ్యి దాకా నెడుతుంది. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ కావాలి. అయిదారుగురి వంటకు ఆ గ్యాస్ చాలు. నత్రజని దాదాపు అంతా బయటికొచ్చే స్లర్రీలోనే మిగులుతుంది.

1950లలో జష్‌భాయ్ పటేల్ ఈ నమూనాను మెరుగుపరిచారు, తర్వాత ఖాదీ కమిషన్ దాన్ని పల్లెలకు చేర్చింది. చలికాలంలో గ్యాస్ తగ్గడం, డ్రమ్ము తుప్పు పట్టడం మాత్రం బాధిస్తూనే వచ్చాయి. తుప్పు బెడద లేని ఇటుక గుమ్మటం ప్లాంట్లు, 1978 నాటి జనతా, 1984 నాటి దీనబంధు, వేరే సంస్థల నుంచి వచ్చాయి.

గింజ నిల్వ విషయంలో సంస్థ చేసిన మేలు ఇంకా పెద్దది. 1960ల చివర్లో కీటక శాస్త్రజ్ఞుడు ఎస్. ప్రధాన్, ఆయన సహచరులు పూసా బిన్‌ను రూపొందించారు. మిడతలు వేప గింజల ద్రావణం చల్లిన ఆకును ముట్టవని 1962లో చూపినదీ ఈ ప్రధాన్ బృందమే. పూసా బిన్ అంటే ఎండిన పచ్చి ఇటుకలతో కట్టిన గది. లోపలి గోడ లేచాక దోమతెర మాదిరి అతికించిన పాలిథిన్ తొడుగును దాని మీద దింపుతారు. బయట మరో గోడ కట్టి, పైన మట్టితో మూసేస్తారు. ఎలుకలు తొలవకుండా బయటి గోడ అడుగు భాగానికి మాత్రం కాల్చిన ఇటుక వాడతారు. పైన గింజ పోసే నోరు, కింద తీసే గొట్టం ఉంటాయి. రెంటినీ గాలి చొరకుండా బిగించాలి. లోపల చిక్కిన ముక్కపురుగులూ వడ్ల చిలుకలూ ఉన్న ఆక్సిజన్‌ను తామే పీల్చుకుని, బొగ్గుపులుసు వాయువు పెరిగి చనిపోతాయి. మందు చల్లే పని లేదు, తిండిగింజకు విషం అంటదు.

అయితే గింజ బాగా ఎండి ఉండాలి. తేమ పది శాతం దరిదాపుల్లో ఉంటే మేలు. తడి గింజను అందులో మూస్తే బూజు పట్టి వేడెక్కుతుంది. నవంబరు, డిసెంబరుల్లో తుఫాన్ల భయంతో వరి కోసే కోస్తా రైతుకు ఇది చిన్న షరతు కాదు. గాదెలూ గరిసెలూ పురుగును ఆపలేకపోయినా కాస్త గాలి ఆడనిస్తాయి. బిన్‌లో ఆ వెసులుబాటు లేదు. కళ్లంలో ఆరబెట్టే ఏర్పాటు లేనిచోట బిన్ ఒక్కటే ఇచ్చి ప్రయోజనం లేదు.

కూరగాయలకు, పండ్లకు వచ్చిన శీతల గది మరీ సులువు. రెండు వరసల ఇటుక గోడ, మధ్య మూడంగుళాల ఇసుక, దానిమీద పొద్దునా సాయంత్రం నీళ్లు. కరెంటు లేకుండానే ఎండాకాలంలో లోపలి వేడి 10 డిగ్రీలకు పైగా తగ్గుతుంది.

నీటి సంగతికొస్తే, ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో 1969-70లో జల సాంకేతిక కేంద్రం ఏర్పడింది. పొట్టి గోధుమ రకాలకు విత్తిన 20-25 రోజులకు, కొత్త వేర్లు పుట్టే వేళ, తొలి తడి తప్పరాదు. ఆ తడి పొలమంతా సమంగా పారాలంటే నేల చదునుగా ఉండాలి, మడి కొలత నేలకు తగ్గట్టు ఉండాలి. ఈ లెక్కలన్నీ కేంద్రం సారథుల్లో ఒకరైన ఎ.ఎం. మైఖేల్ 1978 నాటి నీటిపారుదల గ్రంథంలో ఉన్నాయి. వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులు నేటికీ దాన్ని చదువుతారు.

ఇటీవల ఆ కేంద్రమే మురుగునీటి మీద దృష్టి పెట్టింది. సంస్థ పక్కనున్న కృషి కుంజ్ కాలనీ నుంచి వచ్చే మురుగును కంకర మడుల్లోకి మళ్లించి, అందులో జమ్ము పెంచుతారు. వేళ్ల చుట్టూ చేరిన సూక్ష్మజీవులు మాలిన్యాన్ని తినేస్తాయి, రసాయనాల అవసరం రాదు. రోజుకు 22 లక్షల లీటర్లు ఇలా తేటపడి సంస్థ పొలాలకు పారుతున్నాయి. దీనికి స్థలం మాత్రం ఎక్కువ పడుతుంది. అందువల్ల కిక్కిరిసిన నగరాల కన్నా, మురుగుకాల్వ చేరే పల్లపు నేల ఊరి చివర ఉన్న గ్రామాలకే ఈ పద్ధతి బాగా పనికొస్తుంది.